గాలి నీళ్ల పక్షమున వకాల్తా



1908వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసి వేలకొలది ప్రాణములను బలిగొన్న పిమ్మట, మరల అట్టి విపత్తు సంభవింపకుండుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చేసిన సూచనల ననుసరించి, మూసీపై గండిపేట అని వాడుకగా పిలువబడు ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను నిర్మితములయ్యెను. వరద నాపుటకు పుట్టిన ఆ జలాశయములే జంటనగరముల దాహమును తీర్చుచు వచ్చినవి. గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోడని జనులు చెప్పుకొనుట శ్రోతలలో పెద్దలెల్లరు ఎరిగినదే. ఆ నీటి సమీపమున స్థాపింపదలచిన ఒక కర్మాగారమును గూర్చి గత శతాబ్ది చివర నడచిన వ్యాజ్యము, గాలికిని నీటికిని మన న్యాయస్థానములలో లభించు రక్షణ స్వరూపమునే మార్చివేసినది. నేటి ప్రసంగమునకు దానినే మొదలుగా గైకొనుచున్నాను.

జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర కాలుష్యకారకములగు పరిశ్రమలు వెలయరాదని 1994లో రాష్ట్రప్రభుత్వము ఉత్తరువు చేసెను. 1996 మార్చిలో దానికి మరింత స్పష్టమగు రూపమిచ్చి, 84 గ్రామములను పేర్కొని, పరిశ్రమలతోపాటు పెద్ద హోటళ్లను, నివాసకాలనీలను గూడ నిషేధించుచు మరియొక ఉత్తరువు వెలువరించెను. జీవో 111 అని లోకము వాడుకగా పిలుచునది ఇదియే. ఇంతలో శంషాబాదు మండలము పెద్దషాపూరు గ్రామములో ఆముదము నుండి రసాయనద్రవ్యములను తయారుచేయు కర్మాగారము నొక సంస్థ తలపెట్టి, భూమి కొని, అనుమతి చేతికి రాకమునుపే కట్టడములు మొదలిడెను. ఆ ప్రక్రియలో నికెల్ లోహము ఉత్ప్రేరకముగా వాడబడును. వాడి విడిచిన లోహము వ్యర్థముతో కలిసి నేలలోనికి ఇంకిన యెడల, వాననీటి వెంట జలాశయమును చేరదని ఎవరు హామీ ఈయగలరు? ఈ శంకతో కాలుష్య నియంత్రణ మండలి 1997లో అనుమతి నిరాకరించెను. విచిత్రమేమనగా, అదే సంవత్సరము రాష్ట్రప్రభుత్వము ఆ సంస్థకు నిషేధము వర్తింపదని మినహాయింపు నిచ్చియుండెను. మండలి నిర్ణయముపై సంస్థ అప్పీలు చేయగా, అప్పీలు విన్న అధికారి ఒక శాస్త్రజ్ఞుని ప్రమాణపత్రమును ఆధారముగా గొని, ఆధునిక సాంకేతిక పద్ధతి అవలంబింపబడుచున్నది గావున భయము లేదని తీర్పు చెప్పెను. హైకోర్టు ఆ తీర్పులో జోక్యము చేసికొనలేదు. మండలియు, హైదరాబాదులోని ఒక పౌరసంఘమును సుప్రీంకోర్టు గడప త్రొక్కవలసివచ్చెను.

1999 జనవరిలో వెలువడిన ఆ తీర్పును రచించినవారు తెలుగువారగు జస్టిస్ మామిడన్న జగన్నాథరావుగారు. దానిని చదువునపుడు నన్ను మిక్కిలి ఆకర్షించునది అందలి వినయము. శాస్త్రజ్ఞు లొకరు ప్రమాదము లేదనుచు, వేరొకరు కలదనుచు నుండగా, రసాయనశాస్త్రములోగాని భూగర్భశాస్త్రములోగాని ప్రవేశము లేని న్యాయమూర్తి ఏమి చేయగలడను ప్రశ్నను ఆయన దాచక బహిరంగముగా చర్చించిరి. విజ్ఞానశాస్త్రమునకు అనిశ్చితి సహజమనియు, నేడు నిరపాయమని తోచిన వస్తువు రేపు విషమని తేలవచ్చుననియు, అట్టి స్థితిలో హాని జరుగునని రుజువు చేయవలసిన భారము నీరు త్రాగువానిపై మోపుట న్యాయము గాదనియు, హాని జరుగదని చూపవలసినవాడు యథాస్థితిని మార్చదలచిన పరిశ్రమాధిపతియే యనియు ఆ తీర్పు స్థాపించెను. పిదప శాస్త్రీయాంశములను జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారమునకు పరిశీలనార్థము పంపిరి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవంటి సంస్థల నివేదికలు వచ్చిన మీదట, 2000 డిసెంబరులో తుదితీర్పు వెలువడెను: లక్షలాది జనుల త్రాగునీటికి సంబంధించిన నిషేధమునుండి ఒక సంస్థను మినహాయించు అధికారము ప్రభుత్వమునకు లేదు.

ఇచ్చట మనము గమనింపవలసిన అంశ మొకటి కలదు. పెద్దషాపూరులో ఆ కర్మాగారము పనిచేయనే లేదు. ఒక్క చెరువైనను చెడలేదు. ఒక్కడైనను రోగగ్రస్తుడు కాలేదు. అయినను న్యాయస్థానము అడ్డుపడెను. జరిగిన కీడునకు పరిహార మిప్పించుట పూర్వమునుండియు చట్టమెరిగిన పనియే; జరుగబోవు కీడును ముందుగనే వారించుట మాత్రము మన వ్యవస్థ ఇటీవలనే అలవరచుకొన్న విద్య. ఈ విద్యకు ఆధారమైనది వ్రాతపూర్వకముగా నమోదైన అభ్యంతరము. మండలి తన నిరాకరణకు కారణములను కాగితముపై పెట్టియుండనిచో, పౌరసంఘము తన వాదమును సకాలమున దాఖలు చేసియుండనిచో, ఢిల్లీలోని న్యాయమూర్తికి పెద్దషాపూరు పేరైనను తెలిసెడిది కాదు. గాలి నీళ్లకై చట్టము నాశ్రయింపదలచువారికి నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. చట్టము మన ఆవేదనను చూడజాలదు. దస్త్రములో నున్నదానినే చూడగలదు. ఆవేదనను దస్త్రములోని కెక్కించుటయే పౌరుల పని, సంఘముల పని, న్యాయవాదుల పని.

1999 నాటి ఆ తీర్పు మరియొక బీజమును గూడ నాటెను. ఇట్టి వ్యాజ్యములను విచారించుటకు న్యాయమూర్తులతో సమానముగా శాస్త్రనిపుణులు కూర్చుండు ప్రత్యేక న్యాయస్థానములు కావలెనని అందు సూచింపబడినది. అనంతరము జగన్నాథరావుగారు భారత న్యాయసంఘమునకు, అనగా లా కమిషనునకు, అధ్యక్షులై, 2003 సెప్టెంబరులో తమ 186వ నివేదికను పర్యావరణ న్యాయస్థానముల స్థాపనకే కేటాయించిరి. తీర్పులో తాము కోరినదానినే న్యాయసంఘాధ్యక్ష పదవి నుండి శాసనకర్తల ముందుంచు అవకాశము ఒకే వ్యక్తికి లభించుట అరుదు. లభించినపుడు దానిని జారవిడువకుండుట అంతకన్న అరుదు. మరి ఏడేండ్లకు పార్లమెంటు చట్టము చేయగా, 2010 అక్టోబరు 18వ తేదీన జాతీయ హరిత ట్రిబ్యునలు నెలకొన్నది. దాని దక్షిణపీఠము చెన్నైలో నున్నది. ఉభయ తెలుగు రాష్ట్రముల వ్యాజ్యములు అచ్చటికే పోవును. ఆ పీఠముపై న్యాయవేత్తయు శాస్త్రవేత్తయు సరిసమానాధికారముతో కూర్చుందురు. ముందుజాగ్రత్త సూత్రమును, కలుషితము చేసినవాడే మూల్యము చెల్లింపవలెనను సూత్రమును తప్పక పాటింపవలెనని చట్టమే శాసించుచున్నది. పరిహారము కోరని దరఖాస్తునకు రుసుము వేయి రూపాయలు మాత్రమే. న్యాయవాదిని పెట్టుకొనలేనివాడు తానే నిలిచి వాదించుకొనవచ్చును. అయితే ఒక చిక్కు గలదు. పర్యావరణ అనుమతిపై అప్పీలు ముప్పది దినములలో వేయవలెను. తగిన కారణము చూపిన మరి అరువది దినములు గడువు లభించును. ఆపైన తలుపు మూసికొనును. గ్రామీణుడు అనుమతి వచ్చిన సంగతి తెలిసికొనునప్పటికే ఈ గడువు సగము కరగిపోవుచున్నది. శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను కలిసికొను సంఘములవారు ఈ గడువును సడలింపుమని అడుగుట సర్వథా సమంజసము.

కొంచెము వెనుకకు పోయి చూతము. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగములో పర్యావరణమును గూర్చిన అధికరణమే లేదు. 1976లో జరిగిన 42వ సవరణ మూలమున, పర్యావరణమును కాపాడుట రాజ్యముయొక్క కర్తవ్యముగా 48-ఎ అధికరణమును, పౌరుని కర్తవ్యముగా 51-ఎ అధికరణములోని ఒక ఖండమును చేరెను. ఈ రెండును ఆదేశములేగాని హక్కులు కావు; వానిని చేతబట్టుకొని నేరుగా కోర్టు కెక్కుట దుస్సాధ్యము. ఈ లోటును పూరించుటలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దేశమునందు మొదటి వరుసలో నిలిచినదని సంతోషముతో చెప్పవచ్చును. హైదరాబాదు నగరాభివృద్ధి ప్రణాళికలో ఉద్యానమునకై కేటాయించిన భూమిని కొనివేసి, అచట తమ ఉద్యోగులకు ఇండ్లు కట్టింపబూనిన జీవితబీమా సంస్థను, ఆదాయపుపన్ను శాఖను ఆ ప్రాంతవాసులు కొందరు సవాలు చేయగా, 1987లో దామోదరరావు కేసు అను పేర ప్రఖ్యాతమైన తీర్పులో జస్టిస్ పి.ఎ. చౌదరిగారు, ఒక్క వ్రేటున ప్రాణము తీయుటయే కాక, కలుషిత వాతావరణముచేత మెల్లమెల్లగా మనుష్యుని విషపూరితుని చేయుట గూడ 21వ అధికరణమిచ్చిన జీవించు హక్కును భంగపరచుటయే యని నిర్ణయించిరి. నాలుగేండ్ల తరువాత, బీహారు నుండి వచ్చిన సుభాష్‌కుమార్ కేసులో, సుప్రీంకోర్టు సైతము మాలిన్యరహితమగు నీరును గాలియు జీవించు హక్కులో అంతర్భాగమని పలికెను. ఒక తోటస్థలమును గూర్చి ఇరుగుపొరుగువారు వేసిన వ్యాజ్యము నుండి ఇంతటి సూత్రము పుట్టెనని తలచుకొనిన, చిన్న దావాలను చిన్నచూపు చూడ మనసొప్పదు.

ఇక శాసనముల మాట. నీరు రాజ్యాంగము ప్రకారము రాష్ట్రముల విషయము. అందుచేత 1974లో జలకాలుష్య నివారణచట్టమును పార్లమెంటు చేయుటకు ముందు, రాష్ట్ర శాసనసభలు మీరే చేయుడని తీర్మానములు పంపవలసి వచ్చెను. అట్లు మొదట పంపిన 12 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ లేదు, తరువాత చేరినది, 1976లో మన కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడినది. గాలిని గూర్చిన 1981 నాటి చట్టమునకు ఇట్టి తీర్మానములు అక్కర లేకపోయెను. 1972 స్టాక్‌హోమ్ మహాసభలో మన దేశము అంగీకరించినదానిని అమలుపరచుటకై పార్లమెంటు తన ప్రత్యేకాధికారముతో దానిని చేసెను. భోపాల్ ఘోరమునకు పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణచట్టము వచ్చినది. ఈ చరిత్ర నేటికిని నిరుపయోగము కాదు. 2023లో గాలిచట్టములోను, పర్యావరణ పరిరక్షణచట్టములోను పెక్కు నేరములకున్న చెరసాల శిక్షను తొలగించి, పదివేల రూపాయల నుండి పదునైదు లక్షల వరకు జరిమానాగా మార్చిరి. 2024లో నీటిచట్టమునకును అట్టి సవరణయే జరిగెను. కాని నీరు రాష్ట్రవిషయమగుటచే, ఆ సవరణ మొదట హిమాచల ప్రదేశము, రాజస్థానము, కేంద్రపాలిత ప్రాంతములందే వర్తించి, మిగిలిన రాష్ట్రములకు వాని శాసనసభలు తీర్మానించిననే వర్తించును. తప్పు చేసిన ప్రతివానిని చెరసాలకు పంపవలెనని నేననను. కాని నదిని చెరచినవానికి పదునైదు లక్షలు ఖర్చుపద్దులో నొక పంక్తి మాత్రమే యగునేమో యను భయము నాకు కలదు; న్యాయస్థానమునకు బదులు ప్రభుత్వోద్యోగియే జరిమానా నిర్ణయించుట ఆ భయమును తగ్గించునది కాదు. ఇట్టి తీర్మానము సభలో ప్రవేశించునపుడు తమ నియోజకవర్గపు ప్రజలు దానిని గూర్చి ఏమనుకొనుచున్నారో శాసనసభ్యునకు తెలిసియుండవలెను గదా!

సోంపేట సంగతి చెప్పక ఈ ప్రసంగము సాగదు. శ్రీకాకుళము జిల్లాలో సముద్రమునకు సమీపమున బీల యని పిలువబడు విశాలమగు చిత్తడినేల కలదు. వేసవిలోను నీరు నిలుచు ఆ బీలమీద చుట్టుప్రక్కల గ్రామముల రైతులు, మత్స్యకారులు, పశువుల కాపరులు బ్రతుకుచున్నారు. అచ్చట 2640 మెగావాట్ల బొగ్గువిద్యుత్ కర్మాగారము కట్టుటకు అనుమతి మంజూరయ్యెను. ఆ నేల వ్యవసాయమునకు పనికిరాని బంజరని కాగితములలో వ్రాయబడెను. ఒక్క బంజరను మాటతో చేపలును, పంటయు, పక్షులును, మనుష్యులును చట్టము కంటికి కనబడకుండ పోయిరి.

పర్యావరణ అనుమతులను గూర్చి కేంద్రప్రభుత్వము 2006లో చేసిన ప్రకటన ప్రకారము ఇట్టి కర్మాగారమునకు ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలెను. అది నడచు తీరు చూడనివారికి వివరించెదను. ముప్పది దినములు ముందుగా పత్రికలలో, తెలుగుపత్రికతో సహా, ప్రకటన వేయవలెను. పర్యావరణ ప్రభావ నివేదిక యొక్క సంగ్రహమును తెలుగులో గూడ ప్రజలకు అందుబాటులో ఉంచవలెను. నియమితదినమున, గ్రామము చెంత వేసిన షామియానా క్రింద, కలెక్టరుగాని ఆయన ప్రతినిధిగాని అధ్యక్షత వహించును. మండలి అధికారి ప్రక్కన కూర్చుండును. కార్యక్రమమంతయు వీడియోలో చిత్రింపబడును. ముందు వరుసలో ఖద్దరు చొక్కాలవారు, వెనుకవైపున చెట్టునీడను తలపై కొంగుతో నిలుచున్న స్త్రీలు, చుట్టును పోలీసులు. మైకు చేతికి వచ్చునప్పటికి ఏ వృద్ధరైతైనను తడబడుట సహజము. “బాబూ, ఇది బంజరని ఎవలు రాసినారు? వచ్చి సూసినారా?” అని మాత్రమే అని ఆయన మైకును ప్రక్కవానికి ఈయవచ్చును. ఆ రెండు ముక్కలే చాలును, అవి వ్రాయబడినచో. చివర ఆ దినమున చెప్పబడిన విషయముల సారమును తెలుగులో సభవారికి చదివి వినిపింపవలెననియు, అదే దినమున అధ్యక్షుడు సంతకము చేయవలెననియు నియమము కలదు. కేకలు సద్దుమణగి, జనము బస్సులకై పరుగిడు ఆ వేళనే కదలక కూర్చుండి, మా మాట అందులో చేరినదా యని అడుగువారు నలుగురైనను ఉండవలెను. నినాదము గాలిలో కలిసిపోవును. నమోదైన పంక్తి అప్పీలులో పనికివచ్చును.

సోంపేటలో ఆ పని చేసినవారుండిరి. స్థానిక పర్యావరణ పరిరక్షణ సంఘమువారును, కేంద్రప్రభుత్వ విశ్రాంత కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మగారివంటి వారును పత్రములు కూర్చి అప్పీలునకు తోడ్పడిరి. 2010 జూలై 14వ తేదీన నిర్మాణమును అడ్డగించిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరుపగా ఇరువురు మరణించిరి. అదే దినమున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారము, ఆ నేల బంజరు కాదు చిత్తడినేలయని గుర్తించి, పర్యావరణ అనుమతిని రద్దుచేసెను. ఆ ఉత్తరువు ఒక్క దినము ముందుగా వచ్చియుండిన ఆ రెండు ప్రాణములు నిలిచెడివని తలచుకొన్నపుడెల్ల నా గుండె కలుక్కుమనును. న్యాయము చేయుటయే కాదు, వేళకు చేయుట కూడ న్యాయములో భాగమే. ఆ కర్మాగారము మాత్రము బీలలో వెలయలేదు.

వేళ మించిపోయిన న్యాయమునకు పటాన్‌చెరు మరింత దీర్ఘమగు ఉదాహరణము. నాటి మెదకు జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారము పారిశ్రామికవాడల నుండి వెలువడిన రసాయనజలము నక్కవాగులో పడి, ఆ వాగు మంజీరలో కలియుచుండగా, వాగు పొడవునను పొలములు, బావులు, పశువులు చెడిపోయెను. 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యము 2001లో హైకోర్టునకు, 2013లో హరిత ట్రిబ్యునలునకు బదిలీయై, 2017 అక్టోబరులో గాని తీర్పు నొందలేదు. ఇరువది యేడేండ్లు! ఆనాడు నడవనేర్చిన బిడ్డ తన బిడ్డను బడికి పంపునంతటి కాలము. ఈ నడుమ కోర్టులు పరిహార మిప్పించినవి, శుద్ధికేంద్రములు కట్టించినవి, పరిశీలక సంఘములను పంపినవి; వానివలన మేలు జరుగలేదని నేననను. కాని పటాన్‌చెరు చెప్పునది పెద్దషాపూరు చెప్పినదానినే తలక్రిందుగా: విషము నేలలో దిగిన పిదప ఎంతటి న్యాయస్థానమైనను దానిని వెనుకకు తోడిపోయజాలదు.

గాలి విషయమున మన శాసనము మరింత బలహీనముగా నున్నది. 2019లో కేంద్రము ప్రకటించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమము, విజయవాడ, విశాఖపట్టణము, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు మొదలగువానిని ప్రమాణములకు మించి కలుషితమైన పట్టణములుగా పేర్కొనెను. అయితే అది కార్యక్రమమేగాని చట్టము కాదు. లక్ష్యము తప్పిన పట్టణమును కోర్టున కీడ్చు అధికారము దానివలన ఎవరికిని సంక్రమింపలేదు. బొగ్గు కర్మాగారముల పొగగొట్టముల నుండి వెడలు గంధకపు పొగకు 2015 డిసెంబరులో చట్టబద్ధముగనే పరిమితులు విధించిరి, రెండేండ్లలో పాటింపవలెననిరి, గడువు పలుమార్లు పొడిగింపబడెను, తుదకు 2025 జూలైలో అధికసంఖ్యాకములగు కర్మాగారములకు ఆ యంత్రములను అమర్చుకొను బాధ్యతయే తప్పింపబడెను. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖ శివారున ఆర్.ఆర్. వెంకటాపురములో ఒక కర్మాగారము నుండి వెలువడిన స్టైరీను అను రసాయనపు ఆవిరి నిద్రించుచున్న జనులపై క్రమ్మి పండ్రెండుగురి ప్రాణములు తీసినపుడు, హరిత ట్రిబ్యునలు ఎవరి దరఖాస్తునకును ఎదురుచూడక మరునాడే స్వయముగా విచారణ చేపట్టి, 50 కోట్ల రూపాయలు ముందుగా కట్టుమని ఆ సంస్థను ఆదేశించెను. ఒకేసారి పండ్రెండుగురు చనిపోయిన చట్టము మేల్కొనును. పొగచేత ఏండ్ల తరబడి ఊపిరితిత్తులు చెడినవారి లెక్క ఏ దస్త్రములో నున్నది?

ఇక శక్తి, అనగా విద్యుత్తు మాట. 2003 విద్యుచ్ఛట్టములోని 86వ విభాగము, సౌర పవనాది పునరుత్పాదకశక్తిని ప్రోత్సహించి, పంపిణీసంస్థలు కొను విద్యుత్తులో ఇంత భాగము దానిదే కావలెనని నిర్ణయించు బాధ్యతను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిపై నుంచినది. అదే చట్టము 64వ విభాగములో, కరెంటు చార్జీలు నిర్ణయించుటకు ముందు ప్రజల సూచనలను, అభ్యంతరములను అన్నిటిని పరిగణింపవలెనని యున్నది. సాధారణముగా నవంబరు మాసాంతమునకు పంపిణీసంస్థలు రాబోవు సంవత్సరపు ఆదాయావసరముల పత్రములను దాఖలు చేయును. పత్రికలలో ప్రకటన వచ్చును. శీతకాలము దాటునప్పటికి బహిరంగ విచారణ జరుగును. అచ్చటికి ఎక్కువమంది యూనిట్ ధరను గూర్చియే మాటాడుటకు పోవుదురు, అది ధర్మమే. కాని ఏ బొగ్గు కర్మాగారముతో ఎన్నేండ్లకు ఒప్పందము చేసికొనవలెను, సౌరవిద్యుత్తు ఎంత కొనవలెను, పొగశుద్ధి యంత్రము ఖర్చు ఎవరి బిల్లులో చేరవలెను అను ప్రశ్నలు తేలునదియు అక్కడనే. మన ఊరి గాలి భవిష్యత్తు చాలవరకు ఆ గదిలో, ఆ లెక్కల పట్టికలలో నిర్ణయమగుచున్నది. ఏటేటా ఓపికతో ఆ పట్టికలను చదివి, అభ్యంతరములు వ్రాసి దాఖలు చేయుచున్న కొందరు రైతునాయకులు, విశ్రాంతోద్యోగులు, పాత్రికేయులు రెండు రాష్ట్రములలోను ఉన్నారు. వారి పేర్లు పెద్ద అక్షరములలో అచ్చు కావు. వారి ప్రశ్నలకు సంస్థలిచ్చిన సమాధానములు మాత్రము చార్జీల ఉత్తరువులలో అచ్చగుచున్నవి.

శుభ్రమైన శక్తికిని ప్రకృతికిని వైరము రాదని భావింపరాదు. రాజస్థాన, గుజరాతు ప్రాంతములలో సౌరవిద్యుత్ తీగలకు తగులుకొని బట్టమేకపక్షులు చచ్చుచుండగా, తీగలను భూమిలో పాతించుమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించెను. బట్టమేక మనకు పరాయి పక్షి కాదు. కర్నూలు సీమలోని రోళ్లపాడు పచ్చికబయళ్లు ఒకప్పుడు దానికి పేరెన్నికగన్నవి. అయినను సౌరశక్తి వెనుకబడిన భూతాపము పెరిగి అదే పక్షికిని మనకును చేటు గదా యను వాదము బయలుదేరగా, 2024 మార్చిలో కోర్టు తన ఆదేశమును సవరించి, నిపుణుల సంఘము నేర్పరచి, వాతావరణ మార్పువలని దుష్ఫలితములనుండి రక్షణ పొందుట గూడ 14, 21 అధికరణముల క్రింద పౌరుల హక్కేయని ప్రకటించెను. పక్షి పక్షమున వేసిన వ్యాజ్యము మనుష్యునికి క్రొత్త హక్కును తెచ్చినది. ఆ హక్కును ఎట్లు అమలుపరచవలెనో చెప్పు శాసనము మాత్రము మన దేశమున ఇంకను పుట్టవలసియున్నది.

తిరిగి జంటజలాశయముల మాట. నగరమునకు కృష్ణా గోదావరీ జలములు వచ్చుచున్నవి గనుక గండిపేటపై మునుపటివలె ఆధారపడనక్కరలేదను కారణముతో, 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము 69వ సంఖ్యగల ఉత్తరువు ద్వారా జీవో 111 లోని ఆంక్షలను సడలించెను. ఆ 84 గ్రామముల రైతులు ఏండ్లతరబడి తమ భూమికి ధర లేక నష్టపోయిరనుట వాస్తవము. నగరమంతటి మేలునకై వారొక్కరే నష్టము భరింపవలెననుట ధర్మము కాదు. అయినను దానికి విరుగుడు వారికి తగిన పరిహారము కల్పించు శాసనమేగాని, నీటి రక్షణను ఎత్తివేయుట కాదని నా నిశ్చితాభిప్రాయము. ఒక ప్రభుత్వపు ఉత్తరువుతో వచ్చిన రక్షణ వేరొక ఉత్తరువుతో పోగలదు. అదే రక్షణ శాసనసభ చేసిన చట్టమై యుండినచో, దానిని తీసివేయుటకు మరల సభలోనే, చర్చ జరిపి, ఎవరు చేయెత్తిరో తెలియునట్లు తీసివేయవలసివచ్చెడిది. జలాశయముల పరీవాహకప్రాంతమునకు శాసనసభలోనే ప్రత్యేకచట్టము కావలెనని కోరుటకు ఇప్పటికిని మించిపోలేదు. మీ నియోజకవర్గపు శాసనసభ్యునకు ఈ సంగతి వ్రాయదలచిన శ్రోతలు, ఉత్తరమునకు నకలు ఉంచుకొని, అందినట్లు రసీదు తప్పక తీసికొనుడు.